వెచ్చని నేలపై జంపఖానా

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు ఒకనాటి సాయంకాలము, మా పాఠశాలలో చదివి వెళ్ళిన యొక విద్యార్థిని తల్లిగారు పెద్ద కాగితపు పొట్లముతో ఉపాధ్యాయుల గదికి వచ్చిరి. కుమార్తె పెండ్లియై భర్తతో జర్మనీ దేశమున నున్నది. వారికి ఏడు నెలల బిడ్డ. ఇప్పుడిప్పుడే నేలపై ప్రాకుచున్నాడట. పొట్లములో నున్నది భవాని ఊరి నూలు జంపఖానా. మన హోసూరు ప్రాంతమున తమిళులు దానిని జమక్కాళ మందురు. ఎఱ్ఱ చారలు, పచ్చ చారలు గల ఆ జంపఖానాపైననే ఆ కుమార్తెయు ఒకప్పుడు ప్రాకినదట. దానిని మనుమనికి పంపవలెనని అమ్మమ్మగారి కోరిక. కాని కుమార్తె ఫోనులో, "మా ఇంట్లో నేల కిందనే వేడి పెడతారమ్మా. దానిమీద తివాసీలు పరచవద్దని ఇంటివాళ్ళు రాసి ఇచ్చినారు" అన్నదట.

"అయ్యవారూ, నేల కింద నిప్పు పెట్టుకొని ఎట్ల కాపురం చేస్తారు? బట్ట అంటుకోదా? బిడ్డ మోకాళ్ళు కాలవా?" అని ఆమె అడిగిరి.

మేము భాషోపాధ్యాయులము, తెలియదని చెప్పి యూరకుండిన బాగుండెడిది. "నూలుబట్టకేమి కాదమ్మా, నిశ్చింతగా పంపండి" అని చెప్పివేసితిమి. ఆమె వెళ్ళిన పిమ్మట తొందరపడితిమేమో యను శంక పట్టుకొన్నది. మరునాడు మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులతో కూర్చుండి కాగితముపై లెక్క వేసి చూడగా, మా జవాబు ఒక విధమైన నేలకు సరిపోవుననియు, మరియొక విధమైన నేలకు సరిపోదనియు తేలినది. ఆ రెండు విధములకును గల భేదమే ఈ పాఠమునకు విషయము. తల్లిదండ్రులును చదువగల రీతిగా వ్రాయుచున్నాము. ఏలయన నేడు మన పల్లెల పిల్లలు పలువురు చలిదేశములకు పోవుచున్నారు, వారి వెంట చాపలును, కంబళ్ళును, జంపఖానాలును పోవుచున్నవి.

విద్యార్థులారా, మన ప్రాంతమున నేల యనిన చల్లదనమునకు పేరు. ఎండకాలము మధ్యాహ్నము బండపఱపుపై నీరు చల్లి, తుడిచి, వట్టినేలపై పండుకొందుము. చలిదేశములలో నాలుగైదు నెలలు బయట నీరు గడ్డకట్టుచుండును. అక్కడ ఇంటిని వెచ్చబఱచుకొనక జీవించుట కష్టము. గదిలో ఒక మూల పొయ్యి పెట్టినచో పొయ్యి ప్రక్కన సెగ, దూరమున చలి. పైగా వేడిగాలి కప్పునకు ఎగబ్రాకును, కాళ్ళు మాత్రము చల్లగానే యుండును. నేలనే వెచ్చజేసినచో కాళ్ళు మొదలు తల వరకు సమముగా హాయి కలుగును. ఈ ఊహ క్రొత్తది కాదు. ప్రాచీన రోమకులు చిన్న ఇటుక స్తంభములపై నేలను నిలిపి, ఆ క్రింది ఖాళీలోనికి కొలిమి వేడిని పంపెడివారు. ఇంగ్లాండులోని బాత్ నగరమున రోమకుల స్నానశాల శిథిలములలో ఆ స్తంభములను నేటికిని చూడవచ్చును.

కొరియా దేశీయుల ఒండోల్ పద్ధతి మనకు మరింత దగ్గరది. ఏలయన వారును మనవలె నేలపై కూర్చుండి, నేలపై భుజించి, నేలపై పరుండు అలవాటు గలవారు. వంటయింటి పొయ్యిలోని పొగయు వేడియు గది నేల క్రింద పఱచిన రాతిపలకల అడుగున సాగి, ఆవలి ప్రక్కనున్న పొగగొట్టము గుండ బయటికి పోవును. అన్నమును ఉడుకును, ఇల్లును వెచ్చబడును. ఆ పలకలపై మట్టి మెత్తి, దానిపై నూనె పట్టించిన దళసరి కాగితము నంటింతురు. పొయ్యికి దగ్గరగా నుండు వెచ్చని చోటును అరెన్‌మోక్ అందురు. అది ఇంటిలోని పెద్దలకును, అతిథులకును ఇచ్చు గౌరవస్థానము. అక్కడి కాగితము ఏండ్ల తరబడి వేడికి కమిలి గోధుమవన్నెకు తిరుగును. ఈ ఒండోల్ సంస్కృతిని దక్షిణ కొరియా ప్రభుత్వము 2018లో తమ జాతీయ వారసత్వముగా గుర్తించినది.

ఆ దేశపు వెనుకటి ఇండ్లలో ఇంకొక అలవాటు ఉండెడిది. ఇంటివారిలో నెవరైన ప్రొద్దుపోయి వచ్చునప్పుడు, వారి కొరకు మూతపెట్టిన అన్నపు గిన్నెను అరెన్‌మోక్ వద్ద నేలపై నుంచి, దానిపై బొంత కప్పెడివారు. వచ్చువారు ఎంత ఆలస్యమైనను అన్నము వెచ్చగా దొరికెడిది. బొంత ఏమి చేసినది? వేడిని పుట్టింపలేదు, నేలనుండి వచ్చు వేడిని గదిలోనికి పోనీయక తన క్రిందనే నిలిపినది. అన్నపు గిన్నెకు అది మేలు. కాని బొంతపైన కూర్చుండువానికి వేడి తగ్గినది, బొంత క్రింది నేలకు వేడి హెచ్చినది. నేలపై పఱచు ప్రతి తివాసీయు కొంతగనో గొప్పగనో ఈ బొంత పనినే చేయును.

దీనిని కొరియా వరకు పోనక్కఱలేకయే మీరు పరీక్షింపవచ్చును. ఏప్రిలు మాసమున ఎండలో దినమంతయు కాగిన మిద్దెపై సాయంత్రము ఆరు గంటలకు ఒక మూల కంబళి నాలుగు మడతలు వేసి పఱువుడు. ఎనిమిది గంటలకు కంబళి పైకెత్తి ఆ చోట ఒక చేయి, వట్టి మిద్దెపై ఒక చేయి ఉంచి చూడుడు. కంబళి క్రింది చోటు ఎక్కువ వేడిగా నుండును. వట్టి మిద్దె తన వేడిని గాలికిని ఆకాశమునకును ఇచ్చివేసినది. కంబళి క్రిందిది ఇయ్యలేకపోయినది.

వేడికి అడ్డుపడు ఈ గుణమును ఉష్ణనిరోధము అందురు. దీనిని కొలుచుటకు 1940 దశకమున ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరమున, వస్త్రపరిశోధన సాగించు షర్లీ సంస్థవారు టాగ్ అను సులభమైన కొలతను ఏర్పఱచిరి. అర్థము తేలికయే. ఒక చదరపు మీటరు బట్టగుండ 100 వాట్ల వేడి దాటుచుండగా, బట్ట అడుగునకును పైభాగమునకును 10 డిగ్రీల తేడా ఉన్నయెడల, ఆ బట్ట నిరోధము ఒక టాగ్. తేడా 5 డిగ్రీలే యైనచో అర టాగ్.

ఇక లెక్కకు వత్తము. సంఖ్యలు మేము సులువు కొరకు ఎన్నుకొన్నవి. పద్ధతి మాత్రము నిజమైనది. ఇప్పటి ఇండ్లలో నేల క్రింద పొగ ప్రవహింపదు. కాంక్రీటులో సన్నని గొట్టములు చుట్టలు చుట్టలుగా పఱచి గోరువెచ్చని నీటిని త్రిప్పుదురు; లేదా విద్యుత్తు తీగెల నమర్తురు. మొదట నీటి సంగతి చూతము. గొట్టములోని నీటి వేడి 35 డిగ్రీలు, గది వేడి 20 డిగ్రీలు అనుకొందము. నీటినుండి నేల పైభాగమునకు చేరుటకు ఒక టాగ్ అడ్డు, నేలనుండి గది గాలికి చేరుటకు ఒక టాగ్ అడ్డు, మొత్తము రెండు. తేడా 15 డిగ్రీలు గనుక చదరపు మీటరుకు 75 వాట్ల వేడి గదిలోనికి వచ్చును. నేల పైభాగము 27½ డిగ్రీలుండును.

ఇచ్చట ఆ తల్లిగారి మొదటి భయము తీరిపోవుచున్నది. మనుష్యులు మసలు గదులలో నేల పైభాగపు వేడి 29 డిగ్రీలు మించరాదని ఐరోపా దేశముల ప్రమాణము. మన శరీరపు వేడి 37 డిగ్రీలు. అనగా ఆ "నిప్పు పెట్టిన నేల" బిడ్డ మోకాలికంటె చల్లనిదే. మన ఊరి ఏప్రిలు నెల నీడకంటెను చల్లనిదే!

ఇప్పుడు అర టాగ్ నిరోధము గల పలుచని జంపఖానా పఱచితి మనుకొనుడు. మొత్తము అడ్డు రెండున్నర టాగ్‌లు. వచ్చు వేడి 60 వాట్లు. జంపఖానా పైభాగము 26 డిగ్రీలు, దాని క్రింది నేల 29 డిగ్రీలు. నష్టము ఐదవ వంతు మాత్రమే. అదియు పఱచిన మేరకే. ఇరువది చదరపు మీటర్ల గదిలో నాలుగు చదరపు మీటర్ల జంపఖానా వేసినచో గదికి చేరు మొత్తము వేడి 1500 వాట్లనుండి 1440కి దిగును. ఈ మాత్రము తగ్గినట్లు ఆ ఇంటివారికి తెలియనైన తెలియదు.

దానికి మారుగా, దళసరి ఉన్ని తివాసీ వేసి, మెత్తదనము కొరకు దాని క్రింద ఉన్నిపట్టా కూడ వేసి, రెండును కలిసి రెండున్నర టాగ్‌లు అయిన వనుకొందము. వేడి 33 వాట్లకు పడిపోవును. తివాసీ పైభాగము 23 డిగ్రీలు; క్రింది నేల 32 డిగ్రీలకు కొంచెము తక్కువ. గోడనుండి గోడకు ఇట్టిది పఱచినచో గదికి రావలసిన వేడిలో సగము కూడ రాదు. అప్పుడు ఇంటివారు నీటిని మరింత కాచుదురు, ఖర్చు పెరుగును. బ్రిటనులో తివాసీకిని క్రింది పట్టాకును కలిపి రెండున్నర టాగ్‌లు మించవద్దని చెప్పుదురు. ఐరోపా ప్రమాణము మరింత గట్టిది. నేలపై కప్పు ఏదైనను ఒకటిన్నర టాగ్‌లకు లోబడి యుండవలెనని యెంచును.

ఒక్క సంగతి గమనింపుడు. నీటి గొట్టముల నేలపై ఎంత దళసరి కప్పు వేసినను క్రింది నేల 35 డిగ్రీలు దాటనేరదు. ఏలయన నీటి వేడియే 35. కప్పు దళసరి యగుకొలది నీరు తన వేడి నంతగా కోల్పోక తిరిగిపోవును. గది చలిగా నుండవచ్చును గాని ఆపద లేదు.

విద్యుత్తు తీగె అట్లు కాదు. నీటికి తన వేడి ఇంత యను హద్దు గలదు. తీగెకు తాను విడువవలసిన వేడి ఇంత యను లెక్క గలదు. చదరపు మీటరుకు 75 వాట్లు విడుచునట్లు చేసిన తీగె, పైన జంపఖానా యున్నను పరుపున్నను 75 వాట్లే విడుచుచుండును. దారి అడ్డగించినకొలది క్రింద వేడి పేరుకొనును. పై రెండున్నర టాగ్‌ల తివాసీయే ఇట్టి నేలపై వేసినచో తివాసీ పైభాగము 27½ డిగ్రీలు, క్రింది నేల 46 డిగ్రీలు దాటును. తీగె 150 వాట్లదైనచో క్రింది నేల 72 డిగ్రీలు దాటునని లెక్క చెప్పును. కొంత వేడి అడుగునకును ప్రక్కలకును పోవును గనుక నిజమున అంత పెరుగకపోవచ్చును. అయినను అది పసిబిడ్డ చేయి సోకదగిన వేడి కాదు, కొయ్యపలకల నేల సహింపదగిన వేడియు కాదు. నేలలో వేడిని కనిపెట్టి విద్యుత్తును ఆపు చిన్న సాధనము సాధారణముగా నమర్చుదురు. కాని అది ఒక్కచోటనే యుండును. తివాసీ వేరొక చోట నున్నచో దాని క్రింది సంగతి ఈ సాధనమునకు తెలియదు. కావుననే ఇట్టి నేలలపై తివాసీ గాని, కాళ్ళు లేక నేల నంటుకొని యుండు బీరువా గాని ఉంచవద్దని తయారుచేయువారు చెప్పుదురు. "నూలుబట్టకేమి కాదు" అన్నప్పుడు మేము అడుగవలసి యుండియు అడుగని ప్రశ్న ఇదియే: మీ నేలలో నీరా, తీగెయా?

ఇక నారల విషయము. నూలు, ఉన్ని, గోగునార, కొబ్బరిపీచు, కిత్తనార — ఇవి యన్నియు వేడిని మెల్లగా పోనిచ్చునవే. కాని వాటిని అట్లు చేయునది ముఖ్యముగా నార కాదు, నారల నడుమ చిక్కుకొని కదలని గాలి. ఎంత గాలి చిక్కిన అంత అడ్డు. కావున ఏ నారతో నేసితిరి యనుదానికంటె ఎట్లు నేసితిరి యనునది ముఖ్యము. భవాని జంపఖానా పడుగుపేకలు బిగించి చదునుగా నేసినది. దానిలో గాలికి చోటు తక్కువ. వరంగల్లు జంపఖానాలును ఆ జాతివే. ఏలూరి ఉన్ని తివాసీ వేరు. ఉపాధ్యాయ శిక్షణకై పొరుగు రాష్ట్రమున నున్న దినములలో మేము ఏలూరిలో ఒక మగ్గము ముందు చాలసేపు నిలిచి చూచితిమి. నేతగాడు పడుగు దారములకు ఒక్కొక్క ఉన్నిపోగును ముడివేసి, కొనను కత్తిరించి, మరల ముడివేయుచుండెను. ముళ్ళ కొనలు నిక్కి పచ్చికవలె నిలిచియుండెను. ఆ నిక్కిన పోగుల నడుమ గాలి నిండుగా నుండును. వట్టి చల్లని నేలగల ఇంటికి అంతకంటె మంచి తివాసీ లేదు. అడుగున వెచ్చజేసిన నేలకు మాత్రము అది బొంతకు చుట్టము. అట్టిదానిని పారవేయ నక్కఱలేదు. గది నడుమ చిన్నదానిని వేసికొనవచ్చును, లేదా గోడకు వ్రేలాడదీయవచ్చును.

నారలకు తేమతోడి సంబంధ మొకటి గలదు. గాలిలోని తేమను నూలు తన బరువులో సుమారు ఎనిమిది పాళ్ళు, గోగునార జాతులు పదుమూడు పాళ్ళు, ఉన్ని పదునారు పాళ్ళు నూటికి తమలో నుంచుకొనును. చలికాలమున మూసిన గదులలో గాలి మిక్కిలి పొడిగా నుండును; క్రిందినుండి వేడి తగులుచుండును. నారలు ఆరిపోవును. నూలును ఉన్నియు దీనిని ఓర్చుకొనును. గోగునార, కిత్తనార పెళుసెక్కి అంచులలో విరుగును, కొంచెము ముడుచుకొనును. గోగునార వడకునప్పుడు మెత్తబడుటకై నూనె కలిపిన నీరు చల్లుదురు గనుక, క్రొత్త పట్టాపై వేడి సోకినప్పుడు ఆ నూనె వాసన కొన్నాళ్ళు గదిలో తెలియును. విజయనగరము ప్రాంతపు గోనెసంచుల గోదాములో నడచినవారికి ఆ వాసన పరిచితమే. దానివలన హాని లేదు గాని, పసిబిడ్డ యున్న గదిలో పఱచుటకు ముందు కొన్ని దినములు గాలికి ఆరవేయుట మంచిది.

నారకంటె ఎక్కువ చిక్కు తెచ్చునది దాని వీపు. కొబ్బరిపీచు పట్టాలకును, అంగడి తివాసీలకును అడుగున రబ్బరు గాని, ప్లాస్టిక్కు గాని అంటింతురు. నిత్యము వేడి తగిలిన రబ్బరు ఎండి పొడిపొడిగా రాలును, లేదా మెత్తబడి నేలకు అంటుకొని మచ్చ చేయును. ఆ తల్లిగారు కూడ బిడ్డ జారిపడకుండ జంపఖానాకు అడుగున రబ్బరు గుడ్డ కుట్టింపవలె ననుకొన్నారట. వద్దని చెప్పితిమి. జారకుండుటకు జంపఖానా ఒక అంచును బరువైన బల్ల కాళ్ళ క్రింద నుంచిన చాలును. రబ్బరే కావలసినచో, నేల వేడికి తగినదని వ్రాసియున్న జాలివంటి పలుచని వల దొరకును.

కొయ్యపలకల నేల యైనచో మరింత జాగ్రత్త. అట్టి నేలపై పైభాగము 27 డిగ్రీలు మించవద్దందురు. తివాసీ క్రింద మాత్రమే వేడి హెచ్చినచో ఆ మేరకు పలకలు ఎండి సందులు విడును. అప్పుడప్పుడు జంపఖానాను చుట్టి ప్రక్కన నుంచి, నేలను తుడిచి, చోటు మార్చి పఱచుట నేలకును మంచిది, బట్టకును మంచిది. కదల్పక యుంచిన ఉన్ని తివాసీ క్రింది వెచ్చని చీకటి పురుగులకు ఇష్టమైన నివాసము.

విద్యార్థులు చేయదగిన యొక పరీక్ష. ఒకే కొలత గల రెండు స్టీలు గ్లాసులలో పెద్దల సాయముతో సమముగా వేడినీరు పోసి మూతలు పెట్టుడు. ఒకదానికి జంపఖానా పేలిక ఒక చుట్టు, రెండవదానికి కంబళి పేలిక ఒక చుట్టు చుట్టి, ఐదేసి నిమిషముల కొకమారు ఉష్ణమాపకముతో చూచి రెండు వరుసలుగా వ్రాయుడు. ఏ గ్లాసు ఆలస్యముగా చల్లారునో ఆ బట్టయే నేలపై ఎక్కువ అడ్డు. చిన్న తరగతులవారు అంకెలు లేకయే చేతితో తాకి చెప్పవచ్చును. మా ఆరవ తరగతి బాలికలు ఇద్దరు అట్లే చెప్పిరి, సరిగానే చెప్పిరి.

మేము వ్రాసి యిచ్చిన ప్రశ్నలను తల్లిగారు కుమార్తెకు చదివి వినిపించిరి. వారము దినములకు జవాబు వచ్చినది. కూర్చుండు గదిలోను, పడకగదిలోను నీటి గొట్టములు. స్నానపు గదిలో మాత్రము విద్యుత్తు తీగె. ఇంటివారు వ్రాసి యిచ్చినది అన్ని గదులకును కలిపి వ్రాసిన మాట. వారి నడుగగా, కూర్చుండు గదిలో పలుచని నూలుబట్ట వేసికొనుటకు అభ్యంతరము లేదనియు, స్నానపు గదిలో మాత్రము ఏమియు వేసి విడువవద్దనియు చెప్పిరట. పొట్లములో జంపఖానాతోపాటు ఒక దళసరి కంబళియు ఉండెను. అది బిడ్డ తొట్టిలోనికని వేరు చీటి వ్రాసి పెట్టించితిమి.

నవంబరులో అక్కడ నేలను వెచ్చజేయుట మొదలైన పిమ్మట, రాత్రి ఒకమారు జంపఖానా అంచు ఎత్తి క్రింద చేయి పెట్టి చూడుమని తల్లిగారు ఫోనులో చెప్పిరి. "వెచ్చగానే ఉంది, కాలడం లేదు" అని జవాబు వచ్చినది. బిడ్డ మాత్రము అప్పటికి ప్రాకుట మాని నడచుచుండెనట.